ఇంటి నుంచి పనికి కంపెనీ కంప్యూటర్ల ఎంపిక

ఆఫీసుకు రాకుండా ఇంటి నుంచో, సొంతూరి నుంచో పనిచేసే ఉద్యోగులకు సంస్థలు ఇచ్చే కంప్యూటర్లను భద్రత, దూర నిర్వహణ అనే రెండు కొలమానాలతో బేరీజు వేసి కొనే పద్ధతిని ఈ వ్యాసం పరిచయం చేస్తుంది. ఆఫీసులోని కంప్యూటర్‌కు గేటు దగ్గర కాపలా, నెట్‌వర్క్ చుట్టూ ఫైర్‌వాల్, పిలిస్తే వచ్చే టెక్నీషియన్ ఉంటారు. ఉద్యోగి ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కు ఈ మూడూ ఉండవు. అందువల్ల కొనేముందే మూడు ప్రశ్నలకు జవాబు కావాలి. కళ్లారా చూడకుండా ఆ యంత్రాన్ని నమ్మవచ్చా? చేత్తో ముట్టుకోకుండా బాగుచేయవచ్చా? యంత్రం పోయినా, ఉద్యోగి మానేసినా అందులోని సమాచారం సంస్థ అదుపులోనే ఉంటుందా? ప్రాసెసర్ వేగం, తెర నాణ్యత, ధర వంటివి వీటి తర్వాత చూడవలసినవి.

నేపథ్యం

ఆఫీసుకు ప్రయాణించే బదులు టెలిఫోన్, కంప్యూటర్ లైన్ల ద్వారా పనిచేసే పద్ధతికి అమెరికన్ ఇంజనీర్ జాక్ నిల్స్ 1973లో టెలికమ్యూటింగ్ అని పేరు పెట్టాడు. ఐబీఎం థింక్‌ప్యాడ్ 1992లో, డెల్ లాటిట్యూడ్ 1994లో వచ్చాక ఉద్యోగుల కోసం ప్రత్యేకంగా తయారయ్యే ల్యాప్‌టాప్‌ల శ్రేణులు స్థిరపడ్డాయి. అయినా చాలాకాలం పాటు అవి అమ్మకాల ప్రతినిధులు, పై అధికారులు వాడే వస్తువులుగానే ఉన్నాయి. ల్యాప్‌టాప్ పోతే దాని ఖరీదే నష్టమని సంస్థలు లెక్కవేసేవి.

ఆ లెక్క తప్పని 2006 మేలో అమెరికాలో తేలింది. మాజీ సైనికుల వ్యవహారాల శాఖలో పనిచేసే ఉద్యోగి ఒకరి మేరీల్యాండ్ ఇంట్లో దొంగలు పడి, ఒక ల్యాప్‌టాప్‌ను, దానితో వాడే హార్డ్‌డిస్క్‌ను ఎత్తుకుపోయారు. వాటిలో సుమారు 2.65 కోట్ల మంది పేర్లు, పుట్టిన తేదీలు, సామాజిక భద్రత సంఖ్యలు ఎన్‌క్రిప్షన్ లేకుండా ఉన్నాయి. ఆ సామగ్రి మరుసటి నెలలోనే దొరికింది. అయినా బాధితుల దావాలను పరిష్కరించుకోవడానికి ఆ శాఖ 2009లో 2 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకోవలసి వచ్చింది. దొంగతనం జరిగిన కొద్ది వారాలకే, ప్రభుత్వ ల్యాప్‌టాప్‌లలోని సున్నితమైన సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేయాలని అమెరికా నిర్వహణ, బడ్జెట్ కార్యాలయం అన్ని శాఖలకూ ఆదేశమిచ్చింది.

భారతదేశంలో ఈ సమస్య ఒక్కసారిగా ముందుకొచ్చింది 2020 మార్చిలో. లాక్‌డౌన్‌కు కొద్ది రోజుల ముందు టెలికం శాఖ, కాల్ సెంటర్లు, బీపీవోల ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేయడంపై ఉన్న ఆంక్షలను సెక్యూరిటీ డిపాజిట్ నిబంధనతో సహా సడలించింది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై కంపెనీల నుంచి ల్యాప్‌టాప్‌లతో పాటు డెస్క్‌టాప్‌లు కూడా మానిటర్లతో సహా ఉద్యోగుల ఇళ్లకు చేరాయి. ఆఫీసు డెస్క్‌టాప్‌లలో చాలావాటికి వైఫై ఉండదు, బ్యాటరీ అసలే ఉండదు. కరెంటు పోతే చేస్తున్న పని అక్కడికక్కడే ఆగిపోయేది. పైగా అప్పటివరకు యంత్రాలకు అప్‌డేట్లు పంపిన సర్వర్లు ఆఫీసు నెట్‌వర్క్ లోపల ఉండేవి. వీపీఎన్ కలిస్తేనే అవి అందేవి. తర్వాతి ఏళ్లలో సంస్థలు ల్యాప్‌టాప్‌లకు, ఇంటర్నెట్ నుంచే నడిచే నిర్వహణ సేవలకు మళ్లడానికి ఈ అనుభవం ఒక ముఖ్య కారణం. ప్రత్యేక ఆర్థిక మండళ్లలోని సంస్థలకు 2022 జూలైలో కేంద్రం 43ఎ నియమాన్ని తెచ్చింది. సుంకం మినహాయింపుతో తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లను ఉద్యోగి ఇంటికి పంపడానికి దానితో స్పష్టమైన వీలు కలిగింది.

బిజినెస్ శ్రేణి ప్రత్యేకతలు

డెల్ లాటిట్యూడ్ (2025 నుంచి డెల్ ప్రో), హెచ్‌పీ ఎలైట్‌బుక్, ప్రోబుక్, లెనోవో థింక్‌ప్యాడ్, ఆసుస్ ఎక్స్‌పర్ట్‌బుక్, ఏసర్ ట్రావెల్‌మేట్ వంటివి బిజినెస్ శ్రేణికి చెందినవి. షోరూంలో దొరికే మామూలు ల్యాప్‌టాప్‌లోనూ, వీటిలోనూ ప్రాసెసర్ ఒకటే కావచ్చు. తేడా మిగతా విషయాల్లో ఉంటుంది. ఒకే మోడల్‌ను ఎక్కువకాలం మార్చకుండా అమ్ముతారు కాబట్టి, 200 ల్యాప్‌టాప్‌లను విడతలవారీగా కొన్నా ఒకే డ్రైవర్లు సరిపోతాయి. యంత్రంలోనే అమర్చి ఉండే మూల సాఫ్ట్‌వేర్‌కు, అంటే ఫర్మ్‌వేర్‌కు, అప్‌డేట్లు ఎక్కువ ఏళ్లు వస్తాయి. బ్యాటరీ, స్టోరేజీ మార్చుకోవడం తేలిక. టెక్నీషియన్ ఇంటికే వచ్చి బాగుచేసే వారంటీ కొనుక్కోవచ్చు. హార్డ్‌డిస్క్ చెడిపోయి కొత్తది వేసినా పాతది సంస్థ దగ్గరే ఉంచుకునే షరతును కూడా వారంటీలో చేర్చవచ్చు. రోగుల వివరాలో, ఖాతాదారుల లెక్కలో ఉన్న డిస్క్ సర్వీస్ సెంటర్‌కు పోకుండా ఈ షరతు ఆపుతుంది.

దృఢత్వం గురించి చెప్పేటప్పుడు కంపెనీలు అమెరికా సైనిక ప్రమాణం ఎంఐఎల్-ఎస్‌టీడీ-810ను ప్రస్తావిస్తాయి. కింద పడడం, వేడి, దుమ్ము, తేమ వంటి పరీక్షల విధానాలను ఆ పత్రం వివరిస్తుంది. అయితే నెగ్గిన యంత్రానికి ధ్రువపత్రమిచ్చే అధికారిక సంస్థ ఏదీ లేదు. ఏయే పరీక్షలు ఎంత తీవ్రతతో జరిపారో తయారీదారును అడిగి తెలుసుకోవాలి.

చిన్న సంస్థలు తరచుగా పట్టించుకోని విషయం విండోస్ ఎడిషన్. ఆడిట్ ఆఫీసులు, డాక్టర్ల క్లినిక్‌లు, చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఆఫర్లలో కొనే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా హోమ్ ఎడిషన్ ఉంటుంది. అది సంస్థ డొమైన్‌లో చేరదు, గ్రూప్ పాలసీలకు లోబడదు. డిస్క్ ఎన్‌క్రిప్షన్ పరిమిత రూపంలో ఉన్నా, దాని రికవరీ కీ ఉద్యోగి సొంత మైక్రోసాఫ్ట్ ఖాతాలో చేరే అవకాశం ఎక్కువ. ఆ ఉద్యోగి మానేస్తే సంస్థ తన ల్యాప్‌టాప్‌ను తానే తెరవలేదు. ప్రో ఎడిషన్‌కు అదనంగా పెట్టే ఖర్చు ఈ ఇబ్బందితో పోలిస్తే చిన్నది.

యంత్రాన్ని నమ్మడానికి ఆధారాలు

*భద్రతా చిప్.* ఎన్‌క్రిప్షన్ కీలను ప్రాసెసర్ సాధారణ పనులకు అందకుండా విడిగా దాచే భాగాన్ని టీపీఎం అంటారు. ట్రస్టెడ్ కంప్యూటింగ్ గ్రూప్ రూపొందించిన ఈ ప్రమాణం 2.0 రూపం 2014లో వెలువడింది. 2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11 దీన్ని తప్పనిసరి చేసింది. ఆపిల్ మాక్‌లలో ఇదే పనిని సెక్యూర్ ఎన్‌క్లేవ్ చేస్తుంది. అది 2017 చివర ఐమాక్ ప్రోతో వచ్చిన టీ2 చిప్‌లోను, 2020 నవంబరులో మొదలైన ఎం శ్రేణి ప్రాసెసర్లలోను ఉంది. మైక్రోసాఫ్ట్ రూపొందించిన ప్లూటాన్ టీపీఎం పనిని ప్రాసెసర్ లోపలే చేస్తుంది. అది 2022లో ఏఎండీ రైజెన్ 6000 ప్రాసెసర్లతో మార్కెట్‌లోకి వచ్చింది.

*బూట్ భద్రత.* యూఈఎఫ్ఐ సెక్యూర్ బూట్ కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు సరైన డిజిటల్ సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే నడవనిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కన్నా ముందే దూరి కూర్చునే మాల్‌వేర్‌ను అడ్డుకోవడం దీని పని. ఫర్మ్‌వేర్‌లోనే తిష్ట వేసే లోజాక్స్ అనే మాల్‌వేర్‌ను ఈసెట్ సంస్థ 2018లో బయటపెట్టింది. డిస్క్ మార్చినా, విండోస్ మళ్లీ వేసినా అది పోదు. బ్లాక్‌లోటస్ సెక్యూర్ బూట్‌నే దాటుకుని వెళ్తుందని 2023లో తేలింది. ఏ రక్షణా శాశ్వతం కాదని, ఫర్మ్‌వేర్‌ను ఎప్పటికప్పుడు సరిచేసే తయారీదారును ఎంచుకోవాలని ఈ రెండూ చూపించాయి. సెక్యూర్ బూట్ కోసం మైక్రోసాఫ్ట్ 2011లో జారీ చేసిన సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరడం మొదలవుతుంది. కొత్తవి అందుకోలేని పాత కంప్యూటర్లు ఈ లెక్కన వెనకబడతాయి.

*ఫర్మ్‌వేర్ స్వయంరక్షణ.* ఫర్మ్‌వేర్‌ను కాపాడడం, దాడిని పసిగట్టడం, పాడైతే తిరిగి నిలబెట్టడం అనే మూడు సూత్రాలను అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2018 మేలో 800-193 పత్రంలో వివరించింది. హెచ్‌పీ ష్యూర్ స్టార్ట్ వంటి ఏర్పాట్లు ఈ కోవలోనివే. బయోస్ అనే ఫర్మ్‌వేర్ చెడిపోయినట్టు కనిపిస్తే భద్రపరచిన ప్రతి నుంచి అవి దాన్ని పునరుద్ధరిస్తాయి. టెండరు పత్రంలో ఏదో ఒక కంపెనీ వాణిజ్యనామం రాసే బదులు ఈ ఎన్‌ఐఎస్‌టీ పత్రాన్ని ఉటంకిస్తే పోటీ కంపెనీలకు కూడా అవకాశం ఉంటుంది.

*డిస్క్ ఎన్‌క్రిప్షన్.* విండోస్‌లో బిట్‌లాకర్, మాక్‌లో ఫైల్‌వాల్ట్, లినక్స్‌లో లక్స్ ఈ పని చేస్తాయి. పిన్ ఏదీ అడగకుండానే టీపీఎం కీని అందించే ఏర్పాటుకు ఒక లోపం ఉంది. టీపీఎం విడి చిప్‌గా ఉన్న ఒక ల్యాప్‌టాప్‌లో, ఆ చిప్‌కు ప్రాసెసర్‌కు మధ్య వెళ్లే కీని చవక పరికరంతో నిమిషం లోపే పట్టుకోవచ్చని 2024లో ఒక పరిశోధకుడు చేసి చూపించాడు. ఇలాంటి అమరిక, తాళం వేసి తాళంచెవిని గుమ్మంలోనే పెట్టిపోవడం లాంటిది. టీపీఎం ప్రాసెసర్ లోపలే ఉన్న మోడల్‌ను ఎంచుకోవడం, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు పిన్ అడిగేలా పెట్టడం దీనికి విరుగుడు. రికవరీ కీలు మాత్రం ఉద్యోగి దగ్గర కాకుండా సంస్థ డైరెక్టరీలో ఉండాలి.

*లాగిన్.* వేలిముద్ర, ముఖం గుర్తించే కెమెరా, ఫైడో ప్రమాణాన్ని పాటించే సెక్యూరిటీ కీ వంటివి పాస్‌వర్డ్ దొంగతనం వల్ల కలిగే నష్టాన్ని తగ్గిస్తాయి. ఇంట్లోవాళ్లు, బంధువులు మసలే గదిలో పనిచేసేవారికి కెమెరాకు అడ్డంగా జరిపే మూత, పక్క నుంచి చూస్తే కనిపించని తెర కూడా భద్రతా సాధనాలే.

దూరం నుంచి నిర్వహణ

నిర్వహణకు రెండు అంచెలు ఉన్నాయి. మొదటిది ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా జరిగేది. విండోస్ ఆటోపైలట్ 2017లో, ఆపిల్ బిజినెస్ మేనేజర్ 2018లో వచ్చాయి. వీటితో ల్యాప్‌టాప్ ఫ్యాక్టరీ నుంచో, డీలర్ నుంచో నేరుగా ఉద్యోగి ఇంటికి చేరుతుంది. ఉద్యోగి పెట్టె తెరిచి, ఇంటర్నెట్ కలిపి, సంస్థ ఖాతాతో లాగిన్ అయితే చాలు, పాలసీలు, సాఫ్ట్‌వేర్, ఎన్‌క్రిప్షన్ వాటంతటవే అమరుతాయి. ఆ తర్వాత ఇన్‌ట్యూన్, జామ్ఫ్ వంటి సేవలు అప్‌డేట్లు పంపుతాయి, అవసరమైతే డిస్క్‌ను దూరం నుంచే చెరిపేస్తాయి. కొనేవారు గమనించవలసిన సంగతి ఒకటుంది. కంప్యూటర్ల సీరియల్ నంబర్లను సంస్థ పేరున నమోదు చేసే డీలర్ దగ్గర కొంటేనే ఈ సౌకర్యం సాఫీగా అందుతుంది. మాక్‌ను అలా నమోదు చేయకుండా ఉద్యోగి తన సొంత ఆపిల్ ఖాతాతో వాడుకుంటే, అతను వెళ్లిపోయాక ఆ ఖాతాతో ముడిపడిన యాక్టివేషన్ లాక్ విప్పడం తలనొప్పిగా మారుతుంది.

రెండో అంచె హార్డ్‌వేర్ లోపల ఉంటుంది. ఇంటెల్ 2006లో తెచ్చిన వీప్రోలోని యాక్టివ్ మేనేజ్‌మెంట్ టెక్నాలజీతో, విండోస్ మొదలవని స్థితిలో కూడా ఐటీ విభాగం దూరం నుంచే ఆ కంప్యూటర్‌ను ఆన్ చేసి, తెర చూసి, బయోస్‌లోకి వెళ్లవచ్చు. వీప్రో ముద్ర ఉన్న ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఇదంతా ఉండదు. పూర్తి దూర నియంత్రణ ఎంటర్‌ప్రైజ్ రకంలోనే ఉంటుంది, ఎసెన్షియల్స్‌లో ఉండదు. ఏఎండీ ప్రో ప్రాసెసర్లు ఇలాంటి దూర నిర్వహణకు డ్యాష్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని పాటిస్తాయి.

రెండో అంచె ఎందుకు అవసరమో 2024 జూలై 19న అర్థమైంది. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. హైదరాబాద్‌తో సహా దేశంలోని విమానాశ్రయాల్లో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. మరమ్మతు చిన్నదే: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలును తీసేయాలి. కానీ విండోస్ మొదలవడం లేదు కాబట్టి మొదటి అంచె నిర్వహణ ఆ కంప్యూటర్లను చేరలేకపోయింది. బిట్‌లాకర్ ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ కూడా కావలసి వచ్చింది. కీలు క్రమపద్ధతిలో భద్రపరచి, హార్డ్‌వేర్ నిర్వహణను ముందే అమర్చుకున్న సంస్థలు దూరం నుంచి బాగుచేయగలిగాయి. మిగిలినవారు ఉద్యోగులకు ఫోన్లో ఒక్కొక్క అంకె చదివి వినిపించవలసి వచ్చింది.

హార్డ్‌వేర్ నిర్వహణకు ఉన్న ఈ శక్తికి మరో ముఖం కూడా ఉంది. 2017 మేలో బయటపడిన లోపం కారణంగా ఇంటెల్ యాక్టివ్ మేనేజ్‌మెంట్‌లోకి సరైన పాస్‌వర్డ్ లేకుండానే ప్రవేశించే వీలుండేది. కాబట్టి వాడే ఉద్దేశం ఉన్నవారు దీన్ని పక్కాగా అమర్చి అప్‌డేట్ చేస్తుండాలి, లేనివారు ఆపి ఉంచాలి.

ఏ తరహా కంప్యూటర్

విండోస్ బిజినెస్ ల్యాప్‌టాప్‌లకు టాలీ వంటి స్థానిక సాఫ్ట్‌వేర్, టెక్నీషియన్లు, విడిభాగాలు సులువుగా దొరుకుతాయి. చిన్న పట్టణంలోని ఉద్యోగికి ఇది పెద్ద సౌకర్యం. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. సంస్థలు డబ్బు చెల్లించి గరిష్ఠంగా మూడేళ్లు పొడిగించుకోవచ్చు గానీ ఏటా ధర రెట్టింపవుతుంది.

మాక్‌లలో హార్డ్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్ రెండూ ఒకే కంపెనీవి కాబట్టి అప్‌డేట్లు ఒక్క చోటి నుంచే వస్తాయి. మరమ్మతు, మెమరీ పెంపు విషయంలో మాత్రం వెసులుబాటు తక్కువ. 2011లో మొదలైన క్రోమ్‌బుక్‌లు ప్రతిసారీ వ్యవస్థ చెక్కుచెదరలేదని సరిచూసుకున్నాకే బూట్ అవుతాయి. 2021 నుంచి వచ్చిన మోడళ్లకు పదేళ్ల అప్‌డేట్లు ఉంటాయి. బ్రౌజర్‌లోనే పని పూర్తయ్యే కాల్ సెంటర్ వంటి ఉద్యోగాలకు అవి సరిపోతాయి. లినక్స్ వాడే డెవలపర్ల కోసం ఎల్‌వీఎఫ్ఎస్ సేవ ద్వారా ఫర్మ్‌వేర్ అందించే డెల్, హెచ్‌పీ, లెనోవో మోడళ్లను ఎంచుకోవచ్చు.

సమాచారం ఇంటికి అసలే రాకూడదనుకునే బ్యాంకులు, బీమా సంస్థలు వర్చువల్ డెస్క్‌టాప్‌ను ఆశ్రయిస్తాయి. ఉద్యోగి ముందున్న యంత్రం తెరగా, కీబోర్డుగా మాత్రమే ఉపయోగపడుతుంది, పని అంతా డేటా సెంటర్‌లో జరుగుతుంది. ఇంటర్నెట్ ఆగితే పని కూడా ఆగిపోవడం దీని బలహీనత. అలాంటి ఉద్యోగుల ల్యాప్‌టాప్‌లలో సిమ్ కార్డు వేసుకునే వీలు చూడడం మంచిది.

సొంత కంప్యూటర్ వాడవచ్చా

ఉద్యోగి సొంత కంప్యూటర్‌తో పని కానిస్తే కొనుగోలు ఖర్చు తప్పుతుంది. అందులో ఉండే ప్రమాదాన్ని 2023 ఫిబ్రవరిలో పాస్‌వర్డ్ నిర్వహణ సంస్థ లాస్ట్‌పాస్ వెల్లడించిన వివరాలు చెబుతాయి. ఆ సంస్థ ఇంజనీర్ ఒకరి ఇంటి కంప్యూటర్‌లో మీడియా సాఫ్ట్‌వేర్ లోపాన్ని వాడుకుని దుండగులు కీలాగర్‌ను చొప్పించారు. అతను టైప్ చేసిన మాస్టర్ పాస్‌వర్డ్‌తో సంస్థ వాల్ట్‌లోకి ప్రవేశించారు. ఆ వాల్ట్‌లోని కీలకమైన తాళంచెవులు అందుబాటులో ఉన్న ఇంజనీర్లు నలుగురే. కీలకమైన అధికారాలున్న ఉద్యోగికి విడిగా కంపెనీ యంత్రం ఇవ్వాలన్న వాదనకు దీనికి మించిన ఉదాహరణ అరుదు.

కంపెనీ యంత్రం ఇచ్చినంత మాత్రాన దాని ముందు కూర్చున్న మనిషి ఎవరో తేలదు. అమెరికాలో అరిజోనాకు చెందిన ఒక మహిళ 300కు పైగా కంపెనీల్లోని ఉద్యోగాలకు సంబంధించిన మోసంలో, కంపెనీలు పంపిన ల్యాప్‌టాప్‌లను తన ఇంట్లో వరుసగా పెట్టి, ఉత్తర కొరియా ఐటీ పనివాళ్లు వాటిని దూరం నుంచి నడిపేలా సాయపడింది. 2025 జూలైలో ఆమెకు ఎనిమిదిన్నరేళ్ల జైలుశిక్ష పడింది. యంత్రం అప్పగించేటప్పుడు గుర్తింపు తనిఖీ చేయడం, అనుమతి లేని రిమోట్ సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకోవడం అందుకే కొనుగోలు ప్రణాళికలో భాగమయ్యాయి. నెట్‌వర్క్ లోపల ఉంది కదా అని ఏ యంత్రాన్నీ నమ్మకుండా ప్రతి అభ్యర్థననూ పరీక్షించే జీరో ట్రస్ట్ విధానాన్ని ఎన్‌ఐఎస్‌టీ 2020 ఆగస్టులో 800-207 పత్రంలో నిర్వచించింది.

భారతీయ నిబంధనలు

సైబర్ ఘటనలను గుర్తించిన ఆరు గంటల్లోగా తెలియజేయాలని, లాగ్‌లను 180 రోజులు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. ల్యాప్‌టాప్‌లో ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో ఆ ఆరు గంటల్లో చెప్పగలగాలంటే నిర్వహణ వ్యవస్థలో దాని స్థితి నమోదై ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రకారం, తగిన భద్రతా జాగ్రత్తలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల వ్యవధి ఇచ్చింది.

ఖర్చు, జీవితకాలం, విరమణ

కొన్న ధరకు మద్దతు, మరమ్మతు, పని ఆగిన గంటల నష్టం కలిపి చూసే మొత్తం యాజమాన్య వ్యయం అనే లెక్కను గార్ట్‌నర్ సంస్థ 1987లో ప్రచారంలోకి తెచ్చింది. దూరపు ఉద్యోగుల విషయంలో దీనికి కొరియర్ ఖర్చు, అదనపు యంత్రాల నిల్వ కూడా కలపాలి. శ్రీకాకుళంలో ఉన్న ఉద్యోగి ల్యాప్‌టాప్ చెడితే ఆ రోజే మరొకటి బయలుదేరేలా కొన్ని యంత్రాలను సిద్ధంగా ఉంచుకోవడం, ఒకే రకం ఛార్జర్‌తో పనిచేసే యూఎస్‌బీ-సి మోడళ్లను ఎంచుకోవడం ఈ ఖర్చును తగ్గిస్తాయి. పెద్దమొత్తంలో కొనేముందు ఎంచుకున్న మోడల్‌ను కొద్దిమంది ఉద్యోగుల ఇళ్లలో పరీక్షించి, దూరం నుంచి చెరిపేయడం, రికవరీ కీతో తెరవడం, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయడం నిజంగా జరుగుతున్నాయో లేదో చూడాలి.

వాడకం ముగిసిన యంత్రాన్ని అమ్మేముందు సమాచారం తుడిచే పద్ధతులను ఎన్‌ఐఎస్‌టీ 800-88 వివరిస్తుంది. డిస్క్ మొదటి నుంచీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే కీని నాశనం చేయడమే వేగవంతమైన మార్గం. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం పాత కంప్యూటర్లు నమోదైన రీసైక్లర్లకే చేరాలి.

వివాదాలు

దూర నిర్వహణ సాధనాలు ఎక్కడ ఆగాలన్నది తెగని చర్చ. తెర ఫొటోలు తీయడం, కీబోర్డు కదలికలు లెక్కించడం భద్రత పేరుతో జరిగినా, అవి ఇంటి గోప్యతలోకి చొరబడతాయి. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. అప్‌డేట్లు, ఎన్‌క్రిప్షన్ స్థితి వంటి యంత్రపు ఆరోగ్యాన్ని చూడడం ఒకటి, మనిషి కదలికలను చూడడం వేరొకటి. ఏవేవి చూస్తారో సంస్థ ముందే రాతపూర్వకంగా చెప్పాలని గోప్యతా నిపుణులు కోరతారు. మరోవైపు, చిప్‌ల నిబంధనల వల్ల చక్కగా పనిచేస్తున్న పాత కంప్యూటర్లు మూలన పడుతున్నాయని పర్యావరణవాదులు విండోస్ 11ను విమర్శించారు. పాత యంత్రాలపై లినక్స్ వేసి తక్కువ ప్రమాదమున్న పనులకు వాడడం, అలా కుదరనివాటిని నెట్‌వర్క్ నుంచి తొలగించడం సంస్థలు అనుసరిస్తున్న మధ్యేమార్గం.